అడవి అంచున... అమ్మే నర్సు

గిన్నెడు జావ తాగించాలంటే అరగంట. పక్కకి తిప్పి పడుకోబెట్టాలంటే రెండు గంటలకోసారి మేలుకోవాలి. ఫిట్స్ వస్తే అర్ధరాత్రయినా అడవి దారి పట్టాలి. భద్రాచలం ఏజెన్సీలో ఎదుగుదల లోపమున్న బిడ్డను సాకే తల్లి పనికి ఏ రిజిస్టర్లోనూ పేరు లేదు. కానీ అది అచ్చంగా నర్సింగే. నేర్పితే వచ్చే విద్యే. మరి నేర్పేదెవరు?

కోడి కూయకముందే ఆ ఇంట్లో పొయ్యి రాజుకుంటుంది. జావ కాగుతుండగానే తల్లి మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూస్తుంది. పక్క తడిసిందా? ఒళ్లు వెచ్చగా ఉందా? రాత్రంతా కారిన సొంగ చెవిలోకి పోలేదు కదా? మంచంలో ఉన్న పిల్లాడికి పదకొండేళ్లు. చూస్తే ఆరేళ్లవాడిలా ఉంటాడు. మెడ నిలవదు. కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని మీదికొకటి వచ్చేస్తాయి. మాట రాదు. కానీ తల్లి అడుగుల చప్పుడు వినగానే మొహం అటు తిప్పుతాడు. నవ్వుతాడు.

ఆ తరవాత గంటన్నరసేపు ఆమెకి మరో పని లేదు. ఒళ్లు తుడవాలి. బట్టలు మార్చాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని జావ పట్టాలి. చెంచాడు పోస్తే సగం బయటికొస్తుంది. ఒక్కోసారి పొలమారుతుంది. వాడి ఊపిరి మళ్లీ కుదుటపడేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకుని చూస్తుంది. వేసవిలో ఊరంతా తునికాకు కోయడానికి వెళ్తుంది. అంతకుముందు మిరప తోటల్లో కాయలు ఏరడానికి వెళ్తుంది. ఆమె కదల్లేదు. వెళ్తే ముసలి అత్తకి అప్పజెప్పాలి. అత్త కూడా లేని ఇళ్లలో పిల్లాణ్ని గదిలో పెట్టి గొళ్లెం వేసి వెళ్లడమో, కాలికి తాడు కట్టి వెళ్లడమో తప్పని రోజులుంటాయి. చూసినవాళ్లు ‘అయ్యో, ఇదేం తల్లి’ అంటారు. ఆ పూట కూలి పోతే ఇంటిల్లిపాదీ ఏం తినాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు వెళ్లినా, సరిహద్దు దాటి చింతూరు, కూనవరం గూడేల్లోకి వెళ్లినా ఇలాంటి ఇళ్లు తగులుతాయి. పేర్లు మారతాయి. కొన్ని ఇళ్లలో పిల్లాడికి బదులు పాతికేళ్ల యువతి ఉంటుంది. ఆమెని చూసుకునే తల్లికి అరవై దాటి ఉంటాయి. మిగతాదంతా మామూలే.

పిచ్చి కాదు... శాపమూ కాదు

ఊళ్లో ఇలాంటివాళ్లందరికీ ఒకటే ముద్ర... ‘పిచ్చి’. నిజానికి మానసిక రోగం వేరు, ఎదుగుదల లోపం వేరు. మొదటిది ఎదిగిన మనిషికీ ఏ వయసులోనైనా రావచ్చు. రెండోది తల్లి కడుపులోనో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో మెదడు ఎదుగుదలలో వచ్చిన తేడా. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్... ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. మందు వేస్తే పోయేవి కావు. అలాగని చేయగలిగింది ఏమీ లేదనుకోవడమూ పొరపాటే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యమున్నవారు 2.68 కోట్ల మంది. వాళ్లలో బుద్ధిమాంద్యం కింద నమోదైనవారే 15 లక్షలు. ఇవి ఇంటివాళ్లు చెప్తే రాసుకున్న లెక్కలు. ‘మావాడికి మాట కాస్త ఆలస్యం, అంతే’ అని ఊరుకున్న తల్లిదండ్రుల పిల్లలు ఇందులో ఉండరు.

ఏజెన్సీలో ఈ పరిస్థితికి కొన్ని దారులు ఇంకాస్త దగ్గరగా ఉంటాయి. మొదటిది కాన్పు. పుట్టిన బిడ్డ వెంటనే ఏడవకపోతే, ఊపిరి అందక మెదడు దెబ్బతింటుంది. ఆసుపత్రిలో అయితే చేయి తిరిగిన నర్సు తొలి నిమిషంలోనే బిడ్డ ఒళ్లు తుడిచి, వీపు రుద్ది, అవసరమైతే సంచీతో ఊపిరి అందిస్తుంది. వానాకాలంలో వాగు పొంగి, గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడెంలో ఆ నిమిషం దారిలోనే గడిచిపోవచ్చు. రెండోది పచ్చకామెర్లు. పుట్టిన రెండుమూడు రోజులకి చాలామంది పిల్లల్లో కనిపించే పసుపు దానంతటదే తగ్గిపోతుంది. కానీ అది కాళ్లూ చేతుల దాకా పాకితే మెదడుకి ముప్పు. నీలికాంతి దీపం కింద ఉంచితే తప్పిపోయే ప్రమాదమది.

మూడోది ఈ అడవికి పాత శత్రువు... మలేరియా. ఫాల్సిఫారం రకం మెదడుకి ఎక్కితే ప్రాణం దక్కినా కొందరు పిల్లల్లో ఫిట్స్, మాట పోవడం, నడక తప్పడం మిగిలిపోతాయి. మెదడువాపు, మెనింజైటిస్ కూడా అంతే. గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లల్లో కొందరికి పసితనంలోనే పక్షవాతం వస్తుంది. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని బిడ్డకు మొదటి వారాల్లోనే పరీక్ష చేసి మాత్ర మొదలుపెడితే మామూలుగా ఎదుగుతాడు. ఏడాది ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. ఇన్ని కారణాలున్నాయి. వీటిలో పూర్వజన్మ పాపం లేదు. గ్రహణంనాడు తల్లి చేసిన తప్పూ లేదు.

ముద్ద పెట్టడమూ వైద్యమే

తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ప్రాణం తీసేది చాలాసార్లు ఆ లోపం కాదు, న్యుమోనియా. అది ఎక్కడినుంచి వస్తుంది? పడుకోబెట్టి పట్టిన జావలోంచి. మింగే కండరాలు మాట వినని బిడ్డకి పలచటి నీళ్లో పాలో పడుకోబెట్టి పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పైకి కనిపించేది కాస్త దగ్గు, గొంతులో గురగుర. నెల తిరక్కుండా జ్వరం, ఆయాసం. ‘వీడికి ఎప్పుడూ జలుబే’ అనుకుంటారు.

పరిష్కారానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలిపోకుండా, గడ్డం కాస్త కిందికి ఉండేలా పట్టుకోవాలి. పలచటి నీళ్లకంటే కాస్త చిక్కటి జావ మింగడం తేలిక. చెంచా చిన్నది కావాలి. ఒక ముద్ద దిగాకే రెండోది. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఇంతే. ఈ నాలుగు మాటలూ ఒక నర్సు తల్లి పక్కన కూర్చుని, ఆమె చేతే చేయించి చూపిస్తే పిల్లాడు ఏడాదికి ఆరుసార్లు ఆసుపత్రికి పోయేది ఒకటి రెండుసార్లకి తగ్గొచ్చు.

తరవాతి భయం ఫిట్స్. ఎదుగుదల లోపమున్నవారిలో మూర్ఛ మామూలు జనంలోకంటే చాలా ఎక్కువ. ఫిట్స్ రాగానే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మన దగ్గర అన్నిచోట్లా ఉన్నదే. కొన్నిచోట్ల వాతలూ పెడతారు. వీటిలో ఏదీ ఫిట్స్‌ని ఆపదు. చెంచా పన్ను విరగ్గొడుతుంది, వాత పుండవుతుంది. చేయాల్సింది ఒకటే... పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, ఎంతసేపు ఉందో చూసుకోవడం. అయిదు నిమిషాలు దాటితే 108.

అసలు చిక్కు మందులతో. రెండు నెలలు ఫిట్స్ రాకపోతే ‘తగ్గిపోయిందిలే’ అని మానేస్తారు. లేదా సీసా అయిపోతుంది. వాగు దాటి తేవడానికి కుదరదు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ముందుకంటే పెద్ద ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వానలు మొదలయ్యేలోపే రెండు నెలల మందు ఇంట్లో ఉందో లేదో చూడటం... ఇది డాక్టరు చేసే పని కాదు. గడప దాకా వచ్చే నర్సు చేయగలిగింది.

ఇక మంచాన ఉన్నవారికి పుండ్లు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర చర్మం రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఎరుపు పోకుండా అలాగే ఉందంటే పుండు మొదలైనట్టే. మలబద్ధకం ఇంకో మూగబాధ. నాలుగైదు రోజులు విరేచనం కాని పిల్లాడు తినడు, నిద్రపోడు, ఊరికే ఏడుస్తాడు. ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. నీళ్లు, ఆకుకూర, రాగి జావ, రోజూ ఒకే వేళకి కూర్చోబెట్టే అలవాటుతో చాలావరకు తీరే బాధ అది.

నొప్పి చెప్పలేని వాళ్లు

చెవిపోటు వస్తే మనం చెవి పట్టుకుంటాం. మాట రానివాడు తల గోడకేసి కొట్టుకుంటాడు. చూసినవాళ్లు ‘మళ్లీ మొదలెట్టాడు’ అంటారు. పన్ను పుచ్చినా, పొక్కులు వచ్చినా, కడుపులో నొప్పి ఉన్నా బయటికి కనిపించేది కోపమే. బుద్ధిమాంద్యం ఉంది కాబట్టి ఇలా చేస్తున్నాడని ఆసుపత్రిలో కూడా అనుకుంటే అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

ఇది అడవి పల్లెల్లోనే అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో నర్సింగ్ చదువులోనే ఇలాంటివారి సంరక్షణకి ప్రత్యేక శాఖ ఉంది. అయినా 2013లో అక్కడ వెలువడిన ఒక విచారణ నివేదికలో తేలిందేమిటంటే, బుద్ధిమాంద్యం ఉన్న పురుషులు మిగతావారికంటే సగటున 13 ఏళ్లు, స్త్రీలు 20 ఏళ్లు ముందే చనిపోతున్నారు. వైద్యం ఆలస్యం కావడం, జబ్బును సరిగ్గా పోల్చుకోలేకపోవడం అందుకు పెద్ద కారణాలు. అంతటి ఆరోగ్య వ్యవస్థ ఉన్నచోటే అలా ఉంటే, ఆసుపత్రికి చేరడమే గగనమైన చోట సంగతి చెప్పాలా?

ఇక్కడ భాష ఇంకో అడ్డు. గూడెంలో బిడ్డ విన్న మొదటి మాట కోయ మాట. డాక్టరు, ఫిజియోథెరపిస్టు తెలుగులో అడుగుతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల పిల్లలకైతే తెలుగు మరీ కొత్త. అసలే మాట కష్టమైన బిడ్డకి రెండో భాషలో పరీక్ష పెడితే ఉన్న తెలివీ లెక్కలోకి రాదు. ఆకలి, నొప్పి, నీళ్లు, చాలు... ఈ నాలుగింటికీ ఇంటి భాషలో మాటలో, చేతి సైగలో నేర్పిస్తే ఆ బిడ్డ సగం ఏడుపు తగ్గుతుంది.

ఆడపిల్ల అయితే...

పన్నెండేళ్లు దాటగానే తల్లి గుండెల్లో ఇంకో రాయి. నెలసరి. బట్ట పెట్టుకోవడం తెలియదు, మరక దాచుకోవాలని తెలియదు. గర్భసంచి తీయించేస్తే పోతుందిగా అని సలహా ఇచ్చేవాళ్లు చుట్టూ ఉంటారు. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం అమ్మాయిలకి ఇలాగే ఆపరేషన్లు చేయడం దేశమంతటా నిరసనకి కారణమైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, వ్యక్తి ఇష్టపూర్వక అంగీకారం లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్యమేదీ చేయకూడదు.

ఆపరేషన్ చేస్తే రక్తస్రావం ఆగుతుందేమో కానీ, పిల్ల మీద చెయ్యి వేసేవాడు ఆగడు. పైగా జరిగింది బయటపడే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే అనుభవమున్న నర్సులు, ప్రత్యేక ఉపాధ్యాయులు బొమ్మతో మొదలుపెడతారు. బొమ్మకి బట్ట ఎలా మార్చాలో చూపిస్తారు. ఎర్ర మరక చూపించి ‘అమ్మకి చెప్పు’ అని పదేపదే నేర్పిస్తారు. ఒంటి మీద ఎవరు చెయ్యి వేయొచ్చో, ఎవరు వేయకూడదో కూడా అలాగే. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. చాలామంది నేర్చుకుంటారు.

గడప దాకా వచ్చే మనిషి

అడవిలో ఆసుపత్రి దూరమే కావచ్చు. కానీ ఒక మనిషి మాత్రం ప్రతి గడపకీ వస్తుంది. ఆశా కార్యకర్త. కాన్పు అయ్యాక మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజున ఆమె బిడ్డను చూడాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజే వెళ్లాలి. 2018 నుంచి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలప్పుడూ వెళ్లాలన్న ఏర్పాటు వచ్చింది. నాలుగు నెలలు నిండినా మెడ నిలవలేదా? ఎనిమిది నెలలకీ కూర్చోవడం లేదా? ఏడాదిన్నరకీ నడక లేదా? తల్లి ‘వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడట’ అని సర్దిచెప్పుకుంటున్నప్పుడు, ఆగి చూడాల్సింది ఆ ఆశాయే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, బాల్య వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం... ఈ నాలుగింటి కింద 30 సమస్యలను వెతుకుతారు. గుర్తించినవాళ్లను జిల్లాస్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మండల కేంద్రాల్లో సర్వశిక్షా అభియాన్ కాలంలో మొదలైన భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు చదువు, అలవాట్లు నేర్పిస్తారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ ఉంటుంది. రాలేని పిల్లల ఇంటికే ఉపాధ్యాయులు వెళ్లే పద్ధతీ ఉంది.

కాగితం మీద గొలుసు బాగానే ఉంది. తెగేది ఎక్కడంటే, గుర్తించిన తరవాత. గూడెం నుంచి జిల్లా కేంద్రానికి ఒకసారి వెళ్తారు, రెండోసారి వెళ్తారు. ఆటో, బస్సు, కూలి నష్టం కలిపి లెక్క చూసుకున్నాక మూడోసారి ఆగిపోతారు. పిల్లాడికి కావాల్సింది నెలకొక్క థెరపీ కాదు, రోజూ నాలుగు పూటలా సరైన పద్ధతిలో ఎత్తుకోవడం, కూర్చోబెట్టడం, తినిపించడం. అది ఇంట్లోనే జరగాలి. అందుకే ఇంట్లో ఉన్న మనిషికి నేర్పడమే అసలు మందు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. సికింద్రాబాద్ బోయినపల్లిలో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పాటైంది. ఇప్పుడు దాని పేరులో ‘మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత’ చేరింది. ఊళ్లలో పనిచేసే కార్యకర్తలకీ, తల్లిదండ్రులకీ అర్థమయ్యేలా చేతిపుస్తకాలు తయారుచేయడం మొదటినుంచీ ఆ సంస్థ పనుల్లో ఒకటి. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్‌ది కూడా ఇదే దారి. ‘వైద్యుడు లేని చోట’ పుస్తకంతో తెలుగువారికీ తెలిసిన ఆయన, 1987లో పల్లెల్లోని వికలాంగ పిల్లల కోసం మరో పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో ఖరీదైన పరికరాలుండవు. వెదురు, కర్ర, పాత టైరు ట్యూబులతో చేసుకునే కుర్చీలు, నడక బద్దెలు ఉంటాయి.

వెదురుకి భద్రాచలం అడవిలో కరువా? గోడ మూలలా వీపుకి ఆసరా ఇచ్చే చిన్న కుర్చీ, జారిపోకుండా కాళ్ల మధ్య ఓ దుంగ, ముందు ఓ పలక. ఊళ్లో బుట్టలల్లేవాళ్లూ వడ్రంగీ కలిస్తే అయ్యే పని. అది ఉంటే పిల్లాడు మంచంలో పైకప్పు చూస్తూ కాకుండా, వాకిట్లో కూర్చుని మేకలనీ మనుషులనీ చూస్తాడు. ఇంకో సంగతి. మన పల్లె తల్లులు బిడ్డను చంకనెత్తుకునే తీరు ఉంది చూశారూ... రెండు కాళ్లూ నడుముకి చెరోపక్కా వచ్చేలా. కాళ్లు కత్తెరలా బిగుసుకుపోయే పిల్లలకి ఫిజియోథెరపిస్టులు చెప్పేదీ సరిగ్గా అలాగే ఎత్తుకోమని. ఆ తల్లికి తెలియకుండానే సగం విద్య చేతిలో ఉంది. మిగతా సగం అందించాలి.

కానీ అందించే నర్సుకే దీని గురించి ఎంత నేర్పారన్నది ప్రశ్న. మన జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుల్లో ఇది పిల్లల వైద్యం, మానసిక వైద్యం పాఠాల్లో ఒక భాగం. బ్రిటన్‌లోలాగా విడిగా శాఖ లేదు. ఏఎన్ఎంల సంగతి చెప్పనక్కర్లేదు. టీకాలు, కాన్పులు, మలేరియా స్లైడ్లు, రిజిస్టర్లతోనే వాళ్లకి పొద్దు గూకుతుంది. అలాగని వాళ్ల మీద ఇంకో మోపు వేయమని కాదు. టీకాల రోజున ఇదే గూడేనికి వస్తున్నారు కాబట్టి, ఆ ఒక్క ఇంట్లో పావుగంట కూర్చునే తీరిక, కూర్చుంటే ఏం చూడాలో తెలిసే శిక్షణ... ఈ రెండూ ఇస్తే చాలు.

రోడ్డుకి అటూ... ఇటూ

భద్రాచలం పట్టణం దాటీ దాటగానే ఎటపాక. 2014 విభజనతో అది ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. ఒకే గోదావరి, ఒకే కోయ మాట, ఒకే భద్రాచలం ఆసుపత్రి. కానీ పింఛను దగ్గర గీత ఉంది. తెలంగాణలో వికలాంగుల ఆసరా పింఛను 2023 జూలైలో 3,016 నుంచి 4,016 రూపాయలకి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 6,000 అయింది. పక్షవాతం లాంటివాటితో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి అక్కడ 15,000 రూపాయల తరగతి కూడా పెట్టారు. అక్కచెల్లెళ్లు ఇద్దరూ చెరో ఊరికి కోడళ్లుగా వెళ్తే, ఒకేలాంటి బిడ్డలను సాకుతూ వేర్వేరు మొత్తాలు అందుకునే పరిస్థితి.

అసలు పింఛను రావాలంటే ముందు ధ్రువపత్రం కావాలి. చెయ్యో కాలో లేకపోతే డాక్టరు చూసి రాస్తారు. బుద్ధిమాంద్యానికి తెలివితేటల పరీక్ష ఉండాలి, అందుకు సైకాలజిస్టు ఉండాలి, శిబిరం తేదీ కుదరాలి. సరిహద్దు దాటి వచ్చిన చాలామంది గుత్తికోయలకి అంతకుముందే ఇంకో గోడ... ఆధార్, కుల ధ్రువపత్రాలు.

ఇంత చేసినా ఆ డబ్బు బిడ్డ పేరున. రాత్రీ పగలూ చూసుకునే తల్లికి ఏముంది? 2016 చట్టం ఎక్కువ ఆసరా అవసరమైనవారి కోసం సంరక్షకుల భత్యం అనే మాటను స్పష్టంగానే రాసింది. కేరళ 2010లోనే ‘ఆశ్వాసకిరణం’ పేరుతో అలాంటి పథకం మొదలుపెట్టింది. నెలకి 600 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ ‘నువ్వు చేస్తున్నది పనే’ అని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం చిన్నది కాదు.

గోదారి పొంగితే...

భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరవాత అంత వరద అదే. అలాంటి రాత్రి నడవగలిగినవాళ్లు మూట నెత్తిన పెట్టుకుని నడుస్తారు. ముప్పై కిలోల పిల్లాణ్ని తల్లి భుజాన వేసుకోవాలి. పునరావాస కేంద్రంలో వందలమంది మధ్య, హోరు మధ్య ఆటిజం ఉన్న పిల్ల బెదిరిపోయి చెవులు మూసుకుని అరుస్తుంది. మంచానున్నవాడికి పక్క మార్చే చోటుండదు. ఫిట్స్ మందు ఇంట్లో గూట్లో ఉండిపోతుంది.

వరద గోదారి జనానికి కొత్త కాదు కాబట్టి ఏర్పాటూ ముందే ఉండొచ్చు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో కదల్లేని మనిషి ఉన్నారో ఆశా కార్యకర్త పుస్తకంలో ఓ పేజీ. మొదటి హెచ్చరికకే ముందుగా కదిలించాల్సినవాళ్లు వాళ్లే. శిబిరంలో గోడవారగా ఓ మూల. తల్లి సంచిలో నెల మందులు, ధ్రువపత్రం, డాక్టరు చీటీ, బిడ్డ తాగే గిన్నె. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. ముందుచూపు చాలు.

‘నా తరవాత?’

బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా. భవిత కేంద్రమూ బడి వయసు దాకానే. పద్దెనిమిది నిండిన మర్నాడు ఆ పిల్లాడిలో ఏం మారుతుంది? ఏమీ మారదు. మారేది తల్లి. ఆమె నడుం వంగుతుంది. మోకాళ్లు పట్టేస్తాయి. పిల్లాడు బరువెక్కుతాడు. ఎత్తేటప్పుడు నడుము కాకుండా మోకాళ్లు వంచాలనీ, దుప్పటి సాయంతో ఇద్దరు కలిసి జరపాలనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. నిద్రలేమి, నడుంనొప్పి, దిగులు... ఆమెనీ ఓ రోగిలా చూడాలన్నది ఎవరికీ తట్టదు.

1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఈ ప్రశ్నకి కొంత జవాబు చెప్పింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిదేళ్ల తరవాత చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించే వీలు కల్పించింది. కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. అదే ట్రస్టు ‘నిరామయ’ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. థెరపీ ఖర్చులూ అందులో భాగమే. చర్ల అవతలి గూడెంలో ఈ రెండు పేర్లూ విన్న తల్లులు ఎందరుంటారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెప్పేందుకు గడప దాకా వెళ్లే మనిషి మళ్లీ ఆ ఏఎన్ఎం, ఆ ఆశాయే.

పొద్దు వాలింది. ఊరు కూలి నుంచి తిరిగొచ్చింది. ఆ ఇంట్లో మరోసారి జావ కాగుతోంది. తల్లి బిడ్డను ఒళ్లోకి తీసుకుని, వీపు తన గుండెకి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టింది. చెంచా... ఆగడం... మళ్లీ చెంచా. రాత్రి రెండు గంటలకోసారి ఆమె లేస్తుంది. అలారం అక్కర్లేదు. పదకొండేళ్లుగా అదే మెలకువ. ఆ మెలకువకి తోడు ఇంకొకరు నెలకోసారి పగటిపూట వచ్చి పక్కన కూర్చుంటే ఆమె అడగాలనుకున్నవి చాలానే ఉన్నాయి.

ఆలస్యం వద్దు

* ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకోటి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నోట్లో నీళ్లు, మందు పోయకూడదు.

* తినేటప్పుడు పదేపదే పొలమారడం, తిన్నాక గొంతులో గురగుర, ఆపైన జ్వరం, డొక్కలెగరేయడం ఉంటే జలుబని వదిలేయకూడదు.

* మాటరాని బిడ్డ ఉన్నట్టుండి తిండి మానేసినా, తల కొట్టుకున్నా, కొత్తగా కోపం చూపినా ముందు చెవి, పన్ను, కడుపు, చర్మం చూపించాలి.

* డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకి గుండె, థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు తప్పనిసరి.

* మంచాన ఉన్నవారి చర్మం ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే ఆ వైపు బరువు పడకుండా చూసి, ఏఎన్ఎంకి చూపించాలి.

* మూర్ఛ మందు డాక్టరు చెప్పకుండా ఒక్క రోజూ ఆపొద్దు. వానాకాలానికి ముందే సరిపడా తెచ్చి పెట్టుకోవాలి.